వెండింగ్ మిషను మీద సేవాసంస్థ స్టిక్కరు: అంటించే ముందు చూసుకోవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ, గుంటూరులలో కలిపి మీకు పన్నెండు వెండింగ్ మిషన్లు ఉన్నాయి. కొన్ని ఇంజినీరింగ్ కళాశాలల్లో, కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో, మిగిలినవి ఆఫీసుల్లో. ఒక సేవాసంస్థతో కలిసి "ఈ మిషను అమ్మకాల్లో 5 శాతం అనాథ బాలలకు" అని స్టిక్కరు వేయాలని మీ ఆలోచన. ఏ సంస్థ అయితే మంచిది, పన్ను కలిసివస్తుందా, స్టిక్కరు చూసి స్థలం ఇచ్చినవాళ్ళు అద్దె తగ్గిస్తారా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను విశాఖపట్నంలో పెద్దనోట్ల రద్దుకు ఏడాది ముందు రెండు మిషన్లతో ఈ పని మొదలుపెట్టాను. కొత్త యాభై నోటు, ఆ తరవాత కొత్త పది నోటు వచ్చినప్పుడు మిషను వాటిని గుర్తుపట్టక వెనక్కి ఉమ్మేస్తుంటే, పక్కనే నిలబడి చిల్లర ఇచ్చిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు మిషన్లు నలభైకి దగ్గరగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో మూడు సంస్థలతో పనిచేశాను. మొదటి సంస్థతో చేయి కాల్చుకున్నాను. రెండవదానితో నాలుగేళ్ళు నడిచింది. మూడవది ఇప్పటికీ నడుస్తోంది.

సంస్థ సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ 5 శాతం దగ్గర ఆగండి, మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది అదే.

ఒక మిషను లెక్క వేసి చూపిస్తాను. రోజుకు 60 ప్యాకెట్లు పోతాయనుకుందాం, సగటు ధర 20 రూపాయలు. నెలలో 26 పనిరోజులు. అంటే అమ్మకం 31,200. చిప్సు, బిస్కట్లు, కూల్ డ్రింకులు కలిపి మీకు 22 శాతం మిగులుతుందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 6,860. అందులోంచి అద్దె, కరెంటు కలిపి 3,000 పోతాయి. సరుకు నింపే కుర్రవాడి జీతంలో ఈ మిషను వాటా, పెట్రోలు కలిపి 1,500. గడువు తీరిన సరుకు, ప్యాకెట్‌ను ముందుకు తోసే తీగచుట్టలో (స్పైరల్) ఇరుక్కుని నలిగిపోయిన ప్యాకెట్లు 350. సిమ్ము, సాఫ్ట్‌వేర్ 250. మిగిలింది 1,760. ఇప్పుడు అమ్మకాల మీద 5 శాతం తీయండి: 1,560. మీకు మిగిలేది 200 రూపాయలు. మిషను అప్పు మీద వాయిదా ఉంటే అది ఇంకా కట్టనే లేదు.

ఇవి నా ఊహ అంకెలే, మీ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ మార్జిన్ సన్నగా ఉండే వ్యాపారంలో అమ్మకం మీద శాతం చెప్పడం ఎంత ప్రమాదమో దీనితో తెలుస్తుంది. పోనీ లాభం మీద శాతం చెబుదామా అంటే అది ఇంకా చిక్కు. లాభం ఎంతో కొనేవాడికి తెలియదు, సంస్థకు తెలియదు. నిజం చెప్పాలంటే మార్చి నెలాఖరున ఆడిటరు చెప్పేదాకా మనకూ తెలియదు. ఎవరూ సరిచూడలేని మాట ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం మేలు.

అందుకే నేను శాతాలు మానేసి పైసల్లోకి దిగాను. అమ్ముడైన ప్రతి ప్యాకెట్‌కు 25 పైసలు. వినడానికి చిన్నగా ఉంటుంది. పైన చెప్పిన లెక్కలో నెలకు 1,560 ప్యాకెట్లు కనుక మిషనుకు 390 రూపాయలు. మీ పన్నెండింటికి నెలకు 4,680, ఏడాదికి 56,160. ఒక చిన్న సంస్థకు అది ఒక ఉద్యోగి కొన్ని నెలల జీతం. పైగా ఎన్ని ప్యాకెట్లు పడ్డాయో మిషను సాఫ్ట్‌వేరే చెబుతుంది కనుక లెక్కలో వాదనకు చోటు లేదు.

ఆ పావలా కూడా మీ మార్జిన్‌లోంచే రావాలి. "ఇరవై రూపాయల ప్యాకెట్‌ను ఇరవై ఒకటికి అమ్మి ఆ రూపాయి సంస్థకు ఇస్తే మన చేతినుంచి ఏమీ పోదు కదా" అని మీకు ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. నాకూ ఇచ్చారు. ప్యాక్ చేసిన సరుకును ఎమ్మార్పీకి మించి అమ్మడం తూనికలు కొలతల చట్టం కింద నేరం. ఆ రూపాయి ఎక్కడికి వెళ్తోందన్నది తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు అనవసరం.

కొనేవాడు తనంతట తానుగా ఏమైనా ఇవ్వాలనుకుంటే సంస్థ సొంత క్యూఆర్ కోడ్‌ను మిషను మీద అంటించవచ్చు. ఆ డబ్బు నేరుగా సంస్థ ఖాతాలో పడుతుంది, మీ పుస్తకాల్లోకి రాదు. నాకు నచ్చిన పద్ధతి ఇది. అయితే దాన్ని మిషను ముందు భాగంలో అంటించకండి. మనవాళ్ళు ఆకలి మీద ఉంటారు, కనిపించిన మొదటి కోడ్‌ను స్కాన్ చేస్తారు. మిషను తెరమీద వచ్చే కోడ్ కోసం ఎవరూ ఆగరు. డబ్బు సంస్థకు వెళ్ళిపోతుంది, చిప్సు ప్యాకెట్ కింద పడదు, మీకు ఫోను వస్తుంది. ఒక్క వారంలో నాకు ఇలాంటి ఫోన్లు పదకొండు వచ్చాయి. పక్కవైపు రేకు మీద, "ఇది విరాళానికి మాత్రమే" అని పెద్ద అక్షరాలతో అంటించాక ఆగాయి.

ఇప్పుడు సంస్థ సంగతి. మొదట నేను ఎలా ఎంచుకున్నానో చెబుతాను, అలా ఎంచుకోకుండా ఉండటానికి పనికివస్తుంది. మా డీలరు బంధువు ఒకాయన అనాథాశ్రమం నడుపుతున్నారు. మనిషి మంచివాడు, మాట మెత్తన. ఒక పాప ఫొటోతో పోస్టరు వాళ్ళే అచ్చువేసి ఇచ్చారు. "ఈ మిషను లాభాల్లో కొంత భాగం ఈ చిన్నారుల కోసం" అని దాని మీద ఉండేది. ఎనిమిది మిషన్లకు అంటించాను. నెలకోసారి గుర్తొచ్చినప్పుడు ఎంతో కొంత ఫోనులో పంపేవాడిని.

ఏడో నెలలో గాజువాక వైపు ఒక ఆఫీసులో సరుకు నింపుతుంటే, అక్కడ ఊడ్చే పెద్దావిడ వచ్చి నిలబడింది. రోజూ ఒక బిస్కట్ ప్యాకెట్ కొనుక్కుంటుందట. "బాబూ, ఈ పాపకి ఇప్పటిదాకా ఎంత వెళ్ళింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చూసి చెబుతానన్నాను. ఆ రాత్రి ఫోనులో వెతికి కూడితే ఏడు నెలలకు, ఎనిమిది మిషన్లకు కలిపి 3,100 రూపాయలు. అంత తక్కువ ఇస్తున్నానని నాకే తెలియదు. ఆ పోస్టరు చూసి పక్క కొట్టుకు వెళ్ళకుండా నా మిషనులో కొనుక్కున్నవాళ్ళు ఎందరో కూడా తెలియదు.

అప్పుడు కాగితాలు తిరగేశాను. డబ్బు వెళ్తున్నది ట్రస్టు ఖాతాకు కాదు, ఆయన సొంత ఫోను నంబరుకు. రసీదు మీద అచ్చు వేసిన 80జి నంబరు, అంటే దాతకు పన్ను మినహాయింపు వచ్చేలా చేసే నమోదు నంబరు, పాతది. 2021 ఏప్రిల్ తరవాత అన్ని సంస్థలూ ఆదాయపు పన్ను శాఖలో మళ్ళీ నమోదు చేసుకోవలసి వచ్చింది, వీళ్ళు చేసుకోలేదు. ఆయన డబ్బు తిన్నారని నేను అనను, బహుశా పిల్లల బియ్యానికే ఖర్చుపెట్టి ఉంటారు. కానీ అది చూపించే కాగితం ఆయన దగ్గర లేదు, అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గరా లేదు.

స్టిక్కరును సంస్థతో చేసుకునే ఒప్పందం అనుకుంటాం. అది మిషను ముందు నిలబడి ఇరవై రూపాయలు కట్టే మనిషికి మనం ఇచ్చే మాట. కనుక "ఏ సంస్థ మంచిది" అన్న ప్రశ్నను నేను "ఆ పెద్దావిడ అడిగితే నాతోపాటు జవాబు చెప్పగలిగే సంస్థ ఏది" అని మార్చుకున్నాను. మంచి సంస్థలు చాలా ఉన్నాయి. జవాబు చెప్పగలిగేవి అంతకంటే తక్కువ.

ముందు కాగితాలు. పబ్లిక్ ట్రస్టు కావచ్చు, సొసైటీ కావచ్చు, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ కావచ్చు. రూపం ఏదైనా ఆదాయపు పన్ను శాఖ వారి 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి నమోదు ఉత్తర్వుల నకళ్ళు అడగండి. అవి శాశ్వతం కావు, గడువు ఉంటుంది. మామూలు నమోదు సాధారణంగా అయిదేళ్ళకు, చిన్న సంస్థల 12ఏబీ అయితే పదేళ్ళకు కూడా, తాత్కాలిక నమోదు మూడేళ్ళకు. ఉత్తర్వు మీద ఏ సంవత్సరం దాకా అని ఉందో చూడండి, శాఖ వెబ్‌సైటులో పేరు కొట్టి సరిపోల్చుకోండి. నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు ఉంటే మంచిదే. అయితే అది సంస్థ ఉందని చెప్పే నమోదు మాత్రమే, నిజాయితీకి యోగ్యతాపత్రం కాదు. దాన్ని పెద్ద అక్షరాలతో చూపించి ఇంకేమీ చూపించని సంస్థతో జాగ్రత్త.

తరవాత గత మూడేళ్ళ ఆడిట్ లెక్కలు అడగండి. లెక్కలు చదవడం రాకపోయినా ఫరవాలేదు, అడిగినప్పుడు వాళ్ళ ముఖం చూడండి. నా రెండవ సంస్థ వాళ్ళు అడిగిన సాయంత్రమే పంపారు. అంతకుముందు నేను వెళ్ళిన మరో చోట "మా మీద నమ్మకం లేదా" అన్నారు. ఆ మాట విన్న చోట టీ తాగి వచ్చేయండి.

పిల్లల ఆశ్రమం అయితే ఇంకొంచెం లోతుగా చూడాలి. పిల్లలను ఉంచి పోషించే ఏ గృహమైనా 2015 నాటి బాల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే చెబుతారు. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం. నేను ఏడు నెలలు ఎనిమిది మిషన్ల మీద ఆ పాప ముఖాన్ని ఊరంతా తిప్పానంటే ఎంత తెలివితక్కువ పనో చూడండి. ఫొటోతో పోస్టరు తామే ఇస్తామని ముందుకు వచ్చే ఆశ్రమం చట్టం తెలియనిదైనా అయి ఉండాలి, తెలిసీ పట్టించుకోనిదైనా అయి ఉండాలి.

అసలు అనాథాశ్రమమే ఎందుకని కూడా ఆలోచించండి. పుట్టినరోజులకు, వర్ధంతులకు అక్కడికి బిర్యానీ పొట్లాలు వెల్లువెత్తుతాయి. ఒక్కో ఆదివారం మూడు కుటుంబాల భోజనాలు వస్తే పిల్లలు ఏదని తింటారు? వాళ్ళకు కావలసింది ట్యూషను మాస్టారి జీతం, కరెంటు బిల్లు, పద్దెనిమిది నిండి బయటికి వెళ్ళే పిల్లవాడికి ఆరు నెలల గది అద్దె. పావలాలు పోగేసి నెలనెలా వెళ్ళే డబ్బుకు సరిగ్గా అలాంటి పని అప్పగించాలి. సంస్థను కలిసినప్పుడు "నెలకు నాలుగు వేల ఆరువందలు వస్తే ఏం చేస్తారు" అని అడగండి. "చాలా ఉపయోగపడుతుంది సార్" అంటే అది జవాబు కాదు. "మా దగ్గర కుట్టు నేర్పే ఆవిడకు నెలకు ఆరువేలు ఇస్తున్నాం, అందులో ఇది వేస్తాం" అన్నారంటే కుర్చీలో సర్దుకుని కూర్చోండి.

సంస్థ పరిమాణం కూడా మీకు తగినట్టు ఉండాలి. హైదరాబాదులో 1987 నుంచి ఉన్న ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, 1998లో మొదలైన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ వంటివి అందరికీ తెలిసినవి. ఇటువంటి చోట్ల విరాళానికి ఏర్పాట్లు పద్ధతిగా ఉంటాయి, రసీదు కోసం వెంటపడవలసిన పని ఉండదు. మీ పేరుతో ఏడాదికోసారి విరాళం ఇచ్చి సంతోషపడాలనుకుంటే అలాంటి సంస్థలే తేలిక. అయితే పన్నెండు మిషన్లవాడు తమ పేరు, గుర్తు స్టిక్కరు మీద వేసుకుంటానంటే పెద్ద సంస్థలు సహజంగానే ఆలోచిస్తాయి. ఆ పేరుకు దశాబ్దాల విలువ ఉంది, చిప్సు మిషను మీద దాని అవసరం వాళ్ళకు లేదు. అడగకుండా పేరు వేసుకోవడం మాత్రం ఎంత మాత్రం కూడదు. మీ నాలుగు వేలు లెక్కలోకి వచ్చేటంత చిన్నదీ, ఆడిటరు ఉండేటంత పెద్దదీ చూసుకోండి. మీ ఊళ్ళోనే ఉంటే మరీ మంచిది, మిషను దగ్గర కొనేవాడు ఆ వీధిలో వెళ్తూ బోర్డు చూసి ఉంటాడు.

డబ్బే పుచ్చుకోని సంస్థలు కూడా ఉన్నాయి. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ అలాంటిది. విరాళంగా నగదు తీసుకోరు, మిగిలిన భోజనం సేకరించి పంచుతారు. మన దగ్గర గడువుకు రెండు మూడు వారాల ముందు మిషన్లలోంచి తీసేసే సరుకు ఉంటుంది కదా, దానికి ఇలాంటి దారి వెతకవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: మిగులు ఆహారం పంపిణీ మీద ఆహార భద్రతా సంస్థ 2019లోనే నిబంధనలు తెచ్చింది. గడువు దాటిన ఒక్క ప్యాకెట్ కూడా ఇవ్వకూడదు. రేపు గడువు తీరేదాన్ని ఈరోజు సాయంత్రం ఇవ్వడం కూడా నా దృష్టిలో దానం కాదు, చెత్త వదిలించుకోవడం. జీఎస్టీ కట్టేవారైతే, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చిన తగ్గింపు) వెనక్కి కట్టాలి. ఈ ముక్క మా ఆడిటరు రెండేళ్ళు ఆలస్యంగా చెప్పాడు.

అమ్మే సరుకుకూ సంస్థ పనికీ పొత్తు కుదిరిందా లేదా చూసుకోండి. తీపి పానీయాలు అమ్మే మిషను మీద మధుమేహ నివారణ సంస్థ పేరు ఉంటే కళాశాల పిల్లలు ఫొటో తీసి నవ్వుకుంటారు. పిల్లల పోషకాహారం అన్నా అంతే. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, బడికి 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదని 2020లో నిబంధన వచ్చింది. మనం అమ్మేవాటిలో సగం ఆ జాబితాలోవే. ఆసుపత్రుల్లో రక్తదాన సంస్థ, కళాశాలల్లో పేద విద్యార్థుల ఫీజులు లేదా పుస్తకాలు చూసే సంస్థ ఇబ్బంది లేకుండా అమరుతాయి. పన్నెండు మిషన్లకూ ఒకే సంస్థ ఉండాలని లేదు. అయితే మొదటి ఏడాదికి ఒకటే చాలు, రెండు లెక్కలు రాయడం మీరు అనుకున్నంత తేలిక కాదు.

ఒక మతానికో కులానికో పార్టీకో దగ్గరగా కనిపించే సంస్థ అయితే, దాని సేవ ఎంత గొప్పదైనా పదిరకాల మనుషులు తిరిగే చోట స్టిక్కరు వద్దు. ఇంట్లోంచి విడిగా ఇచ్చుకోండి. స్థలం ఇచ్చినవారిని కూడా ముందే అడగాలి. నాకు ఒక కంపెనీలో, మీ స్టిక్కరు డబ్బును మా సీఎస్ఆర్ (చట్టం ప్రకారం కంపెనీలు పెట్టవలసిన సామాజిక బాధ్యత ఖర్చు) ఖాతాలో చూపించుకోవచ్చా అని అడిగారు. కుదరదు. వాళ్ళ బాధ్యత వాళ్ళ డబ్బుతో తీరాలి. ఆ చట్టం మనకు ఎలాగూ వర్తించదు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీలకే అది. మనం ఇచ్చేది మన ఇష్టం మీద ఇచ్చేదే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. మీ వ్యాపారంలో అమెరికాలో ఉన్న బావమరిదిదో తమ్ముడిదో పెట్టుబడి ఉండి, విరాళం కూడా ఆయనే పంపుతానంటే ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడిగానే ఉండి తన సంపాదనలోంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉంటే తప్ప తీసుకోకూడదు. తెలియక తీసుకుంటే ఇరుక్కునేది సంస్థే.

పన్ను గురించి మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నట్టున్నారు, కాస్త నీళ్ళు చల్లక తప్పదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి చట్టం అమలులోకి వచ్చింది; సెక్షన్ల, ఫారాల అంకెలు మారినా అందరి నోట నడిచేవి పాతవే కనుక అవే వాడుతున్నాను. వ్యక్తిగా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి మినహాయింపు అసలు లేదు. పాత విధానంలో ఉంటే, మామూలు సేవాసంస్థలకు ఇచ్చినదానిలో సగం మీదే మినహాయింపు, దానికీ మీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. ఏడాదికి 56,160 ఇచ్చారనుకోండి, అందులో సగం 28,080. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే తగ్గే పన్ను 5,616 రూపాయలు, సెస్సు కాక. దానికోసం విధానం మార్చుకోకండి, వ్యాపార ఆదాయం ఉన్నవారు పాతదానికీ కొత్తదానికీ ఏటా అటూ ఇటూ దూకలేరు. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు లేదు, సరుకు రూపంలో ఇస్తే అసలే లేదు. అన్నీ సరిగ్గా ఉన్నా, సంస్థ తన దాతల వివరాలను శాఖకు సమర్పించి మీకు ఫారం 10బీఈ అనే విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. మార్చితో ముగిసిన ఏడాదికి మే 31 లోపు అది రావాలి. అచ్చు రసీదు పుస్తకం చూసి మోసపోకండి. మీరు ఎంచుకోబోయే సంస్థ పద్ధతైనదో కాదో పరీక్షించాలంటే, పోయిన ఏడాది ఏ దాతకైనా ఇచ్చిన 10బీఈ నమూనాను పేరు కప్పేసి చూపించమనండి.

విరాళంగా కాకుండా ప్రచార ఖర్చుగా రాసుకోవచ్చా అని కొందరు అడుగుతారు. సంస్థ మీ వ్యాపారానికి నిజంగా ప్రచారం చేసిపెడితే ఆ దారి ఉంది, కానీ అప్పుడు అది సేవకు ప్రతిఫలం అవుతుంది, సంస్థ వైపు జీఎస్టీ ప్రశ్న లేస్తుంది. దాత పేరును కృతజ్ఞతగా రాయడం వేరు, వ్యాపార ప్రకటన వేరు అని 2019లో పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. 44ఏడీ సెక్షన్ కింద అమ్మకంలో ఇంత శాతమని అంచనా లాభం చూపించేవారికి ఈ ఖర్చు వల్ల ఎలాగూ ఒరిగేది లేదు. మీ స్థాయిలో విరాళాన్ని విరాళంగానే ఉంచండి.

సంస్థ కుదిరాక ఒక పేజీ కాగితం రాసుకోండి. వకీలు అక్కరలేదు. ప్యాకెట్‌కు ఎంత, ఏ మిషన్లకు, మూడు నెలలకు ఒకసారి ఏ తేదీలోపు, ట్రస్టు పేరు మీద ఉన్న ఏ ఖాతాకు, పేరు, గుర్తు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, ఎప్పటిదాకా. ఎవరైనా నెల రోజుల ముందు చెప్పి మానుకోవచ్చు, మానుకున్న పదిహేను రోజుల్లో స్టిక్కర్లు తీసేయాలి. చివరి ముక్క తప్పకుండా ఉండాలి. మొదటి సంస్థతో తెగిపోయాక ఒక మిషను వెనక భాగంలో పోస్టరు ఉండిపోయిందని రెండేళ్ళ తరవాత కనిపెట్టాను, ఆ మిషను సర్వీసుకు వచ్చినప్పుడు.

స్టిక్కరు మీద "లాభాల్లో కొంత భాగం" వంటి మాటలు వద్దు. నాది ఇలా ఉంటుంది: "ఇక్కడ మీరు కొన్న ప్రతి ప్యాకెట్‌కు 25 పైసలు మేము ఫలానా ట్రస్టుకు ఇస్తాం. మీ దగ్గర అదనంగా తీసుకోము." కింద ఖాళీ గడిలో మార్కరుతో, ఈ మిషను నుంచి ఇప్పటిదాకా ఎంత వెళ్ళిందో. మూడు నెలలకోసారి సరుకు నింపే కుర్రవాడే ఆ అంకె మారుస్తాడు. మొదట్లో అంకె చిన్నగా, 1,140 అని ఉంటే నాకే సిగ్గనిపించింది. తరవాత కళాశాల పిల్లలు ఆ అంకెనే చూడటం మొదలుపెట్టారు. మార్చడం ఆలస్యమైతే మెకానికల్ విభాగం కుర్రవాడొకడు ఫోను చేసి అడిగాడు కూడా.

అమెరికాలో చిన్న చిన్న మిఠాయి మిషన్లవాళ్ళు సేవాసంస్థకు మిషనుకు నెలకు ఇంతని కట్టి, వాళ్ళ స్టిక్కరు వేసుకుని, దాన్ని చూపించి కొట్లలో ఉచితంగా చోటు సంపాదించే పద్ధతి ఉంది. మీరు అద్దె గురించి అడగడం చూస్తే ఆ వీడియోలేవో చూశారనిపిస్తోంది. నాకు ఆ పద్ధతి మీద గౌరవం లేదు. మిషనులో నాణెం వేసేవాడు అదంతా సంస్థకే వెళ్తోందనుకుంటాడు, వెళ్ళేది నెలకు ఒక చిన్న మొత్తం. చట్టం ఒప్పుకోవచ్చు, గాజువాక పెద్దావిడ ఒప్పుకోదు.

మీ వ్యాపారం ఇంకా నిలదొక్కుకోకపోతే, పన్నెండులో రెండో మూడో మిషన్లు ఏ నెలైనా తీసేయవలసి వచ్చేలా ఉంటే, ఒక ఏడాది స్టిక్కరు లేకుండానే ఇవ్వండి. ప్యాకెట్‌కు పావలా చొప్పున లెక్క రాసి మూడు నెలలకోసారి పంపండి. ఏడాది పాటు ఒక్క వాయిదా తప్పకుండా ఇవ్వగలిగారో లేదో మీకే తెలుస్తుంది, సంస్థ 10బీఈ సమయానికి ఇచ్చిందో లేదో కూడా తెలుస్తుంది. ఆ తరవాత అంటించండి. నా మూడవ సంస్థతో ఇలాగే చేశాను, స్టిక్కరు పద్నాలుగో నెలలో వచ్చింది.

అద్దె సంగతి అంటారా, తగ్గింది. ఇన్నేళ్ళలో ఒకే ఒక్క చోట. సీతమ్మధార వైపు ఒక చిన్న ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు గడిలోని అంకె చూసి నెలకు 300 తగ్గించమని మేనేజరుతో చెప్పారు. మిగతా అన్ని చోట్లా ఏటా పెరిగే పది శాతం పెరుగుతూనే ఉంది.